కెనడా యూనివర్సిటీ ఫుట్‌బాల్ సీజన్: ఇంజనీరింగ్ చదివే పిల్లాడు ఆడగలడా?

బ్రాంప్టన్ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్లబ్బాయి గ్రేడ్ 12. స్కూల్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌బ్యాకర్, అంటే ఎదుటి జట్టు ముందుకు రాకుండా అడ్డుకునే ఆటగాడు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఒంటారియోలోని రెండు యూనివర్సిటీల కోచ్‌లు ఫోన్ చేసి, వచ్చి క్యాంపస్ చూసి వెళ్లమన్నారు. పిల్లాడు ఇంజనీరింగ్ చదవాలని ఇంట్లో అందరి కోరిక. "సీజన్ అంటే ఎన్ని నెలలు? చదువు పాడవదా? స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకోవచ్చా? మా వారు అసలే వద్దంటున్నారు" అని రాశారు.

ముందు సూటిగా చెప్పేస్తానమ్మా. ఆడనివ్వండి, కానీ ఫుట్‌బాల్‌ను చూసి యూనివర్సిటీని ఎంచుకోకండి. సీజన్ చిన్నదే. ఆగస్టు మధ్యలో క్యాంపు మొదలవుతుంది, లీగ్ మ్యాచ్‌లు ఎనిమిది, చాలా జట్లకు అక్టోబర్ ఆఖరుకో నవంబర్ మొదటి వారానికో అంతా అయిపోతుంది. మొదటి ఏడాది ఫాల్ టర్మ్‌లో (సెప్టెంబర్ నుంచి డిసెంబర్) కోర్సుల బరువు చూసుకుంటే చదువు పాడవదు. స్కాలర్‌షిప్ వస్తే సంతోషం. దాన్ని నమ్ముకుని ఇంటి లెక్కలు వేయకండి.

నేనీ మాట ఎందుకు చెప్పగలనంటే, వాటర్లూలో పాతికేళ్లుగా ఉంటున్నాను. పదకొండు సీజన్లుగా హోమ్ మ్యాచ్‌లకు మైదానం అంచున, బంతి ఎన్ని గజాలు ముందుకెళ్లిందో కొలిచే గొలుసు పట్టుకునే బృందంలో వాలంటీర్‌గా చేస్తున్నాను. మా పెద్దవాడు ఒంటారియోలోనే ఒక యూనివర్సిటీలో 2017 నుంచి ఐదేళ్లు రిసీవర్‌గా, అంటే విసిరిన బంతిని అందుకునేవాడిగా, జట్టులో ఉన్నాడు, మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. కాబట్టి తండ్రిగా పడ్డ టెన్షన్ తెలుసు, గీత పక్కన నిలబడి చూసిందీ తెలుసు.

మీ వారి భయం నాకు బాగా అర్థమైంది. మనవాళ్లకు యూనివర్సిటీ ఫుట్‌బాల్ అనగానే టీవీలో చూసే అమెరికా గుర్తొస్తుంది. లక్షమంది పట్టే స్టేడియం, కోట్ల డబ్బు, చదువు పేరుకు మాత్రమే. ఇక్కడ అలా కాదు. దేశం మొత్తం మీద, యూనివర్సిటీ క్రీడలను నడిపే యూ స్పోర్ట్స్ సంస్థ కింద 27 జట్లే ఆడతాయి. పడమర కెనడా వెస్ట్‌లో ఆరు, ఒంటారియోలో పదకొండు, క్యూబెక్‌లో ఐదు, అట్లాంటిక్ వైపు ఐదు. చాలా మైదానాల్లో రెండు మూడు వేల మంది వస్తే మంచి జనం కిందే లెక్క. ఒట్టావా, కార్ల్‌టన్ జట్ల మధ్య 1955 నుంచి జరుగుతున్న పాండా గేమ్ లాంటి మ్యాచ్‌కి మాత్రం 24 వేల సీట్ల స్టేడియం కిటకిటలాడుతుంది. ఆడేవాళ్లు సోమవారం పొద్దున మిగతా పిల్లలతో పాటే లెక్చర్ హాల్లో కూర్చుంటారు.

ఆట కూడా తేడానే. అమెరికాలో పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు, ఇక్కడ మూడే. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. అక్కడ 11 మంది, ఇక్కడ 12. మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు, అంటే అమెరికా మైదానం కన్నా పొడవులోనూ వెడల్పులోనూ పెద్దది. మూడు అవకాశాలే కాబట్టి బంతిని విసిరే ఆట ఎక్కువ, పరుగు ఎక్కువ. దీన్ని ఎందుకు ప్రస్తావిస్తున్నానంటే, మీ బాబు లైన్‌బ్యాకర్. హైస్కూల్లో బరువుతో నెట్టుకొచ్చినవాళ్లు ఇక్కడ మొదటి క్యాంపులో ఆయాసపడటం చాలాసార్లు చూశాను. ఈ మైదానంలో లైన్‌బ్యాకర్ అంటే ముందు పరిగెత్తగలగాలి. ఈ వేసవిలో బరువు పెంచమని ఎవరైనా చెబితే, పెంచే ముందు కోచ్‌ను అడగమనండి.

సీజన్ ఎలా సాగుతుందంటే

ఆగస్టు రెండో, మూడో వారంలో క్యాంపు. అప్పటికి హాస్టళ్లు మామూలు విద్యార్థులకు ఇంకా తెరవరు. ఎండలో రోజుకు రెండు పూటల ప్రాక్టీసు, రాత్రి ప్లేబుక్, అంటే జట్టు ఎత్తుగడల (ప్లేల) పుస్తకం, చదువుకోవడం. ఆగస్టు ఆఖరి వారంలో మొదటి మ్యాచ్. అంటే క్లాసులు మొదలవక ముందే ఒకటో రెండో మ్యాచ్‌లు అయిపోతాయి. ఆ తర్వాత దాదాపు ప్రతి శనివారం మ్యాచ్, మధ్యలో ఒక వారం ఖాళీ. అక్టోబర్ రెండో సోమవారం థాంక్స్‌గివింగ్. సరిగ్గా ఆ చుట్టుపక్కలే మిడ్‌టర్మ్‌లు పడతాయి. ఎనిమిది మ్యాచ్‌లు అయ్యాక ప్లేఆఫ్స్. అందులో ఓడితే ఇంటికే.

గెలుస్తూ పోతే ఎంత దూరం వెళ్తుందో మా ఊరి జట్టునే చూపిస్తాను. 2024లో విల్‌ఫ్రిడ్ లారియర్ యూనివర్సిటీ జట్టు ఎనిమిదికి ఎనిమిదీ గెలిచింది. తర్వాత ఒంటారియో టైటిల్ అయిన యేట్స్ కప్‌లో వెస్టర్న్‌ను ఓడించింది. ఈ కప్పు 1898 నాటిది. ఆ తర్వాత జాతీయ సెమీఫైనల్లో బిషప్స్‌ను దాటి, నవంబర్ 23న కింగ్‌స్టన్‌లో జాతీయ టైటిల్ అయిన వానియే కప్ ఫైనల్ ఆడింది. 22–17 తేడాతో క్యూబెక్‌లోని లావల్ యూనివర్సిటీ చేతిలో ఓడింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హెక్ క్రైటన్ ట్రోఫీ లారియర్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ టేలర్ ఎల్గర్స్‌మాకే వచ్చింది. అంతటి సీజన్ ఆడిన పిల్లలు కూడా ఫైనల్ అయిన రెండు వారాలు తిరిగేసరికి సెమిస్టర్ పరీక్షల హడావుడిలో పడ్డారు. ఇదే మీరు గుర్తుపెట్టుకోవలసింది. జట్టు ఎంత బాగా ఆడితే పరీక్షలకు అంత తక్కువ టైమ్ మిగులుతుంది.

వారం మా వాడికి ఇలా గడిచేది. ఆదివారం మ్యాచ్ వీడియో చూడటం, దెబ్బలకు ఫిజియో దగ్గరికి వెళ్లడం. సోమవారం తేలిక. మంగళ, బుధ, గురువారాలు సాయంత్రం గట్టి ప్రాక్టీసు, దానికి ముందో తర్వాతో మీటింగు. శుక్రవారం ప్లేలు నడుస్తూ ఒకసారి సరిచూసుకోవడం, బయటి ఊరైతే బస్సెక్కడం. శనివారం మ్యాచ్. మొత్తం కలిపితే వారానికి పాతిక గంటలు ఎక్కడికీ పోవు. విండ్సర్ నుంచి ఒట్టావా వెళ్లాలంటే బస్సులో ఒక రోజు పోయినట్టే. పడమటి జట్లయితే విమానాల్లో తిరగాలి.

మొదటి ఏడాది అక్టోబరే అసలు గండం

మా వాడు 2017లో చేరినప్పుడు నేనొక తప్పు చేశాను. ఇంజనీరింగ్ మొదటి టర్మ్‌లో పూర్తి లోడ్ తీసుకోమని పట్టుబట్టాను. "అందరూ చదవట్లేదా" అన్నాను. ఆ ఏడాది వాడు ఒక్క మ్యాచ్‌లోనూ జెర్సీ వేయలేదు. ప్రాక్టీసులో మాత్రం రోజూ వచ్చే వారం ప్రత్యర్థి ఎలా ఆడతాడో అలా ఆడి చూపించే గుంపులో ఉండేవాడు. కొత్తవాళ్లలో చాలామందికి ఇదే పని. తొంభై మంది దాకా ఉండే జట్టులో మ్యాచ్ రోజు జెర్సీ వేసుకునేది దాదాపు సగం మందే.

థాంక్స్‌గివింగ్‌కి ఇంటికొచ్చాడు. వాళ్లమ్మ గుత్తివంకాయ కూర చేసింది, వాడికి ప్రాణం అది. కంచం ముందు కూర్చుని ఎడమ చేత్తో ఫోన్‌లో ప్లేలు చూసుకుంటున్నాడు, కుడి చేతి వేళ్లు రెండు కలిపి టేపు చుట్టి ఉన్నాయి. ముద్ద కలపడం రావట్లేదు. చెంచా ఇచ్చాం. తింటూ తింటూ కాలిక్యులస్ మిడ్‌టర్మ్‌లో 38 వచ్చిందని చెప్పాడు. ఆడుతున్నది కూడా లేదు కదా, ఎందుకీ బాధ అని నేనంటే, "నాన్నా, ప్రాక్టీసు మానేస్తే నాకు ఈ ఊళ్లో ఎవరూ తెలీదు" అన్నాడు. ఆ మాట విన్నాక నేను ఇంకేమీ అనలేకపోయాను.

ఆ వారమే అడ్వైజర్‌తో మాట్లాడి రెండు కోర్సులు డ్రాప్ చేసి వేసవికి మార్చుకున్నాడు. ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నట్టయింది. అందుకే చెబుతున్నాను, నిబంధనల ప్రకారం ఆడాలంటే టర్మ్‌కి మూడు కోర్సులుంటే చాలు, ఏడాదిలో 18 క్రెడిట్లు పాసైతే మరుసటి ఏడాది ఆడొచ్చు. అంటే ఫాల్‌లో తగ్గించుకుని, వింటర్‌లో, వేసవిలో పూడ్చుకునే వీలు ముందే ఉంది. అర్హత ఐదు సీజన్లు. డిగ్రీ నాలుగేళ్ల బదులు ఐదేళ్లు పడుతుందని ఇంట్లో ముందే అనుకుంటే సగం గొడవలు రావు.

అయితే ఇంజనీరింగ్‌లో ఒక చిక్కుంది. కొన్ని యూనివర్సిటీల్లో, ముఖ్యంగా కో-ఆప్ (చదువు మధ్యలో కొన్ని నెలలు ఉద్యోగం చేసే పద్ధతి) ఉన్నచోట, బ్యాచ్ మొత్తం ఒకే వరుసలో కోర్సులు చేయాలి. అలాంటిచోట ఒకటి డ్రాప్ చేస్తే ఏడాది వెనకబడొచ్చు. ఫాల్‌లో కో-ఆప్ ఉద్యోగం పడితే? కో-ఆప్ విద్యార్థులు ఆడటానికి నిబంధనల్లో వెసులుబాటు ఉంది, కానీ ఉద్యోగం కూడా ఆ ఊళ్లోనే దొరకాలి, ఐదింటికి వదలాలి. మీకు ఫోన్ చేసిన కోచ్‌ను కాదు, ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌ను ఈ విషయం అడగండి.

చదువూ ఆటా రెండూ నడవవని మీ వారు అంటే ఒక పేరు చెప్పండి. లోరాన్ డువర్నే-తార్దిఫ్. మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో మెడిసిన్ చదువుతూ జట్టులో ఆడాడు. 2014లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ జట్టు కాన్సాస్ సిటీ చీఫ్స్, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్లో తీసుకుంది. అమెరికాలో ఆడుతూనే చదువు పూర్తి చేసి 2018లో డాక్టర్ పట్టా అందుకున్నాడు. 2020 ఫిబ్రవరిలో ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. అదే ఏడాది కోవిడ్ వచ్చినప్పుడు సీజన్ వదులుకుని క్యూబెక్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేశాడు. అందరూ అలా అవుతారని కాదు. కానీ వారానికి ఒకే మ్యాచ్, మూడు నెలల సీజన్ ఉన్న ఈ పద్ధతిలో అది సాధ్యమైంది.

నాకు మైదానంలో కనిపించేది కూడా ఇదే. కొలత పడినప్పుడు మేం గొలుసు తీసుకుని లోపలికి పరిగెత్తాలి. గొలుసుకు ఒక గజాల గీత దగ్గర క్లిప్ తగిలించి ఉంచుతాం. ఆ క్లిప్‌ను సరిగ్గా అదే గీత అంచున ఆనించి, కర్ర పట్టుకున్నవాడు గొలుసు బిగుతుగా లాగుతాడు. బంతి ముక్కు కర్రను దాటిందా లేదా అని అందరూ వంగి చూస్తారు. అప్పుడు పిల్లలు మనకు అడుగు దూరంలో ఉంటారు. అక్టోబర్ చలికి హెల్మెట్‌లోంచి ఆవిర్లు వస్తుంటాయి. ఒకసారి అలాంటి సమయంలో, మూడో డౌన్‌కి అరగజం తక్కువైందో సరిపోయిందో తేలకముందు, ఒక లైన్‌బ్యాకర్ పక్కవాణ్ని "ల్యాబ్ రిపోర్ట్ ఆదివారం రాత్రికా, సోమవారం పొద్దునకా?" అని అడిగాడు. "ఆదివారం" అన్నాడు రెండోవాడు. వెంటనే రిఫరీ చెయ్యి చాపాడు, ఫస్ట్ డౌన్, అంటే పది గజాలు పూర్తయ్యాయి. ఇద్దరూ మళ్లీ ఆటలో పడిపోయారు.

డబ్బు సంగతి

అమెరికాలో పెద్ద జట్లు ఫీజు, గది, భోజనం అన్నీ భరిస్తాయి. ఇక్కడ అథ్లెటిక్ స్కాలర్‌షిప్ ఎంత ఎక్కువైనా ట్యూషన్, తప్పనిసరి ఫీజులను దాటకూడదు. గది అద్దె, తిండి మీ ఖర్చే. పైగా ఒంటారియో నిబంధనలు మిగతా ప్రాంతాల కన్నా చాలాకాలంగా బిగుతుగా ఉంటూ వచ్చాయి. మొదటి ఏడాది వాళ్లకు ఇవ్వాలంటే గ్రేడ్ 12 మార్కులు కూడా చూస్తారు. తొంభై మందిలో అందరికీ ఇవ్వలేరు కూడా. మా వాడికి మొదటి రెండేళ్లు ఏమీ రాలేదు, తర్వాత వచ్చినది పుస్తకాలకూ కొంత ఫీజుకూ సరిపోయింది. మార్కుల మీద వచ్చే ఎంట్రన్స్ స్కాలర్‌షిప్పే వాడికి ఎక్కువ ఆదుకుంది. కాబట్టి పిల్లల చదువు కోసం పొదుపు చేసే ఆర్‌ఈఎస్‌పీ ఖాతాలో ఉన్న డబ్బుతోనే ప్లాన్ వేసుకోండి. ఇంకో మాట, ఫోన్లో చెప్పిన మొత్తాన్ని నమ్మకండి. కాగితం మీద ఎంత, ఎన్నేళ్లకు, దెబ్బ తగిలి ఆడలేకపోతే కూడా ఇస్తారా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. మా బంధువుల్లో ఒకబ్బాయికి ఒక కోచ్ నోటిమాటగా నాలుగేళ్లు ఇస్తామన్నారు. ఆ కోచ్ మరుసటి ఏడాది వెళ్లిపోయారు, మాట కూడా ఆయనతోనే వెళ్లిపోయింది.

దెబ్బల సంగతి

దీన్ని తేలిక చేసి చెప్పను. మోకాలు, భుజం, వేళ్లు మామూలే. తల దెబ్బ మాత్రం వేరు. ఒట్టావాలో రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ల అమ్మాయి 2013లో రగ్బీ ఆడుతూ కొద్ది రోజుల తేడాలో పదేపదే తల దెబ్బలు తగిలి చనిపోయింది. ఆ తర్వాత 2018లో ఒంటారియో ఆ అమ్మాయి పేరుతోనే రోవన్ చట్టం తెచ్చింది. తల దెబ్బ అనుమానం వస్తే వెంటనే ఆట నుంచి తప్పించాలి, డాక్టర్ చూసి సరేననే వరకు మళ్లీ దింపకూడదు. యూనివర్సిటీ జట్లలో అథ్లెటిక్ థెరపిస్టులు గీత పక్కనే ఉంటారు. ఆట మధ్యలో పిల్లాడి హెల్మెట్ తీసుకుని దాచేయడం నేను కళ్లారా చూశాను, వాడు మళ్లీ పరిగెత్తుకుంటూ వెళ్లిపోకుండా.

కానీ థెరపిస్టుకు చెప్పకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. 2019లో మా వాడు తలనొప్పిని నాలుగు రోజులు దాచాడు, అప్పుడే జెర్సీ దొరికిందని. రూమ్‌మేట్ ఫోన్ చేస్తే మాకు తెలిసింది. మూడు వారాలు కూర్చోబెట్టారు. ఆ మూడు వారాలూ వాడు మాతో సరిగ్గా మాట్లాడలేదు. అయినా ఇప్పుడడిగినా ఆ రూమ్‌మేట్‌కు దండం పెడతాను. మీ బాబును చేర్చేటప్పుడు వాడితో పాటు వాడి రూమ్‌మేట్ నంబర్ కూడా తీసుకోండి.

సప్లిమెంట్ల గురించి ఒక్క మాట. ప్రొటీన్ డబ్బాలు, ప్రీ-వర్కవుట్ పొడులు ఏవంటే అవి కొననివ్వకండి. 2010లో మా ఊళ్లోనే వాటర్లూ యూనివర్సిటీ జట్టు మొత్తానికి డోపింగ్ పరీక్షలు చేయించారు. తొమ్మిది ఉల్లంఘనలు బయటపడ్డాయి, యూనివర్సిటీ ఆ ఏడాది సీజన్‌నే ఆపేసింది. ఏ తప్పూ చేయని పిల్లలకూ ఒక ఏడాది పోయింది. అదే జట్టు పదకొండేళ్ల తర్వాత, 2021లో, ట్రే ఫోర్డ్ రూపంలో హెక్ క్రైటన్ ట్రోఫీ అందుకుంది. నడుమ ఎంత కష్టపడి నిలబడ్డారో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు.

తర్వాత ఏముంటుంది? కెనడా ప్రొఫెషనల్ లీగ్‌లో జట్లు తొమ్మిదే. డ్రాఫ్ట్‌లో ఏటా డెబ్భై మంది చిల్లర తీసుకుంటారు, అందులోనూ కొందరు అమెరికా కాలేజీల్లో ఆడిన కెనడా పిల్లలు. 27 జట్లలో రెండు వేల మందికి పైగా ఉంటారు. మీరే లెక్క వేసుకోండి. డేవిడ్ ఒన్యెమాటా నైజీరియా నుంచి మానిటోబా యూనివర్సిటీకి వచ్చేనాటికి ఈ ఆట ఎప్పుడూ ఆడి ఎరగడు, 2016లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ జట్టు న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ డ్రాఫ్ట్ నాలుగో రౌండ్లో తీసుకుంది. అలాంటి కథ నిజమే, కానీ వేలల్లో ఒకటి. మా వాడికి 2020 సీజన్ కోవిడ్ వల్ల అసలు జరగనే లేదు. 2021లో తిరిగొచ్చి ఆరు మ్యాచ్‌లు ఆడాడు, రెండు టచ్‌డౌన్లు చేశాడు. ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో విడిభాగాల ఫ్యాక్టరీలో ఇంజనీర్. మొదటి ఇంటర్వ్యూ ఇప్పించింది జట్టులోని సీనియరే.

క్యూబెక్ నుంచి పిలుపొస్తే వేరే లెక్క. లావల్ 1996లో జట్టు మొదలుపెట్టి 2024 నాటికి 12 వానియే కప్పులు గెలిచింది, ఇంకెవరూ దగ్గర్లో లేరు. క్యూబెక్ పిల్లలు సెజెప్ అనే జూనియర్ కాలేజీ చదివి వయసులో ఏడాది రెండేళ్లు పెద్దవాళ్లై యూనివర్సిటీకి వస్తారు, లావల్ మైదానానికి పది వేలకు పైగా జనం వస్తారు. లావల్‌లో చదువు మాత్రం ఫ్రెంచ్‌లో. మీ ప్రశ్న ఒంటారియో గురించి కాబట్టి అక్కడితో ఆపుతాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆ రెండు యూనివర్సిటీల్లో ఫుట్‌బాల్ లేకపోయినా మీ బాబు ఏది ఎంచుకుంటాడో ముందు వాడినే అడగండి. క్యాంపస్ చూడటానికి మీ వారిని కూడా తీసుకెళ్లండి. కోచ్ స్టేడియం, జిమ్ చూపిస్తారు, చూడండి. తర్వాత జట్టులో ఇంజనీరింగ్ చదివే రెండో ఏడాది కుర్రాడెవరైనా ఉన్నాడా అని అడిగి, ఉంటే వాడితో కోచ్ లేకుండా పది నిమిషాలు మాట్లాడనివ్వమనండి. గత ఏడాది అక్టోబర్‌లో ఎన్ని కోర్సులు చేశావు, ఎన్ని డ్రాప్ చేశావు అని వాణ్ని మీ వారినే అడగనివ్వండి. ఒక్క కుర్రాడు కూడా లేడంటే, ఎందుకు లేడో కోచ్‌ను అక్కడే అడిగేయండి.